అస్తరు ఎవరి కోసం?

గుడ్డ తీసుకుని టైలరు దగ్గరికి వెళ్తే కొలతల కంటే ముందే ఒక ప్రశ్న వస్తుంది. "లైనింగ్ వెయ్యాలా?" దాన్ని మనం డబ్బుల ప్రశ్నగానే వింటాం. వేస్తే ఇంత, వెయ్యకపోతే ఇంత. తలూపి వచ్చేస్తాం. ఈ మే నెలలో నరసరావుపేటలో, మా అమ్మ కుట్టు మిషను ముందు కూర్చుని, ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను మూడు రోజులు ఆగిపోయాను. చూడగా చూడగా అది నీతికి సంబంధించిన ప్రశ్నలాగే కనిపించింది. కప్పుకోవడం ఎవరి కోసం? ఆ కప్పు కింద ఉక్కపోత భరించేది ఎవరు?

లైనింగ్‌కి మన పాతవాళ్ళు వాడిన మాట అస్తరు. ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. ఆ అస్తరు చేసే పనికి మాత్రం అచ్చంగా మనవే రెండు మాటలున్నాయి: దాచడం, చాటు. దాచడమంటే ఎవరికీ కనపడకుండా చెయ్యడం. డబ్బు దాచుకోవడమంటే రేపటికి మిగుల్చుకోవడం. చాటుగా మాట్లాడుకుంటున్నారంటే ఏదో గూడుపుఠాణీ అనుకుంటాం. తల్లిచాటు బిడ్డ అంటే మాత్రం ఆ బిడ్డకి ఓ ఆసరా ఉందని అర్థం. దొంగతనమూ, పొదుపూ, ఆసరా అన్నీ ఆ రెండు మాటల్లోనే ఇమిడిపోయాయి. భాష వాటిని విడదియ్యలేదు. విడదీసుకునే పని మనకే వదిలేసింది.

విషయానికొస్తాను. మా అక్క కూతురికి పదమూడేళ్ళు. దానికోసం తెల్లటి వాయిల్ గుడ్డ తీసుకున్నాం, రెండున్నర మీటర్లు. దాని నిండా చిన్న చిన్న ఎర్రపూలు, లేతాకుపచ్చ తీగలు. మోకాళ్ళ కిందికి వచ్చే ఫ్రాకు, పొట్టి చేతులు, నడుం దగ్గర కుచ్చులు. ఇదీ అది అడిగింది. వాయిల్ పల్చన కాబట్టే వేసవికి బాగుంటుంది. ఆ పల్చదనం దగ్గరే పేచీ వచ్చింది. గుడ్డ కింద చెయ్యి పెట్టి కిటికీ వైపు పట్టుకుంటే వేళ్ళు లెక్కపెట్టొచ్చు.

"లైనింగ్ ఎయ్యకపోతే ఎట్టాగే? ఎండకి ఎదురుగా నిలబడితే కాళ్ళు కనపడవా?" అంది అమ్మ.

"లైనింగ్ ఏస్తే ఉడికిపోతా పిన్నీ. నాకొద్దు" అంది పిల్ల.

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. రాష్ట్రంలో ఇవాళ ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందో చెప్పే వార్తల్లో మా రెంటచింతల పేరు ఏటా వినపడుతూనే ఉంటుంది. పగలంతా కాగిన సున్నపురాయి నేల చీకటి పడ్డాక కూడా సెగ వదుల్తూనే ఉంటుంది. ఆ ఎండలో ఒంటిమీద ఇంకో పొర అంటే పిల్ల ఏడుపుమొహం పెట్టడంలో తప్పేం లేదు. అమ్మ మాటలోనూ అబద్ధం లేదు, ఎండకి కాళ్ళు కనపడతాయి. ఇక కనపడితే ఏమవుతుంది అన్నదే అసలు చర్చ. మా ఇళ్ళల్లో ఆ చర్చ జరగదు. లైనింగ్ వేస్తారు, చర్చ దాని కిందికి పోతుంది.

నిజానికి వేసవిలో వేసుకునే పూల గౌను మా పేటకి కొత్తేం కాదు. పొద్దున్నే పాలపాకెట్ల కోసం, తోపుడుబండి మీద కూరగాయల కోసం గుమ్మం దాటే ఆడవాళ్ళని చూడండి. ఒంటిమీద ఉండేది పూల నైటీ. మెత్తటి కాటన్, వదులు, గాలి ఆడుతుంది. ఈ ఎండకి దానికి మించిన బట్ట లేదు. కానీ గుమ్మం దాటేముందు చెయ్యి దానంతటదే దండెం మీదికి పోతుంది. తువ్వాలో, చున్నీయో భుజాల మీద పడుతుంది. లోపలికి రాగానే దాన్ని తీసి కుర్చీ మీద పడేస్తారు. ఆ తువ్వాలు చెమట తుడుచుకోవడానికి కాదని వీధిలో అందరికీ తెలుసు.

2018లో పశ్చిమ గోదావరి జిల్లా నిడమర్రు మండలం తోకలపల్లి వార్తల్లోకి వచ్చింది మీకు గుర్తుండే ఉంటుంది. పగటిపూట ఆడవాళ్ళు నైటీతో బయటికి రాకూడదని ఊరి పెద్దలు కట్టుబాటు పెట్టారు. వస్తే 2,000 రూపాయల జరిమానా. వచ్చినవాళ్ళని పట్టిచ్చినవాళ్ళకి 1,000 రూపాయల బహుమానం. అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నాకు ఆ జరిమానా కంటే బహుమానం భయం పుట్టించింది. పక్కింటి కళ్ళకి జీతం కట్టారు కదా అనిపించింది.

దీన్ని పల్లెటూరి చాదస్తం అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. పూలగుడ్డల చరిత్ర కొంచెం వెనక్కి తిప్పితే ఇదే కథ లండన్ వీధుల్లో కనిపిస్తుంది. మన అమ్మమ్మల కాలంలో పూల అద్దకం గుడ్డని చీటిగుడ్డ అనేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ చింట్జ్ కూడా ఆ కుటుంబంలోని మాటే. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి, కోరమాండల్ తీరమంతటి నుంచి ఈ పూలగుడ్డలు ఓడలకెక్కి యూరప్‌కి వెళ్ళాయి. ఉతికితే రంగు పోని పూలు అక్కడివాళ్ళకి వింత. రాణుల దగ్గర్నుంచి పనిమనుషుల దాకా అందరూ ఎగబడ్డారు. దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ పొట్టమీద కొట్టినట్టయింది. ఫ్రాన్స్ 1686లోనే నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతి ఆపింది. అయినా మోజు తగ్గలేదు. 1719లో లండన్ నేతగాళ్ళు వీధుల్లోకి వచ్చి, పూల కాలికో గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చింపారు, సిరా పోశారు. 1721లో ఏకంగా ఆ గుడ్డ ఒంటిమీద వేసుకోవడమే నేరమని చట్టం చేశారు. జరిమానా 5 పౌండ్లు. ఆ డబ్బు పట్టిచ్చినవాళ్ళకే.

రెండు ఉదంతాలకీ మధ్య దాదాపు మూడొందల ఏళ్ళు. ఒకచోట తప్పు పట్టింది పూలని, ఇంకోచోట గౌనునే. లండన్ నేతగాళ్ళ భయం ఉత్త భయం కాదు, వాళ్ళ మగ్గాలు నిజంగానే మూతపడుతున్నాయి. కానీ ఆ గుడ్డలు దింపుకుని లాభపడ్డ కంపెనీల జోలికి పోవడం కష్టం. వీధిలో ఒంటరిగా నడిచే ఆడమనిషి గౌను చింపడం సులువు. భయం ఒకరిది, దాని ఖరీదు కట్టేది ఇంకొకరు. పూల గౌను కథలో మళ్ళీ మళ్ళీ జరిగేది ఇదే.

అందుకని లైనింగ్ అంటేనే పెత్తనం, పీకి పారేద్దాం అంటే సరిపోతుందా? కుట్టడం మొదలుపెట్టాక అంత తేలిగ్గా అనలేకపోయాను.

ఫ్రాకు పై భాగం కుట్టడం ఎలాగంటే, పూలగుడ్డా లైనింగ్ గుడ్డా ఒకే కొలతకి కత్తిరిస్తాం. రెంటినీ ముందే నీళ్ళలో నానబెట్టి ఆరెయ్యాలి, లేకపోతే మొదటి ఉతుకులో ఒకటి కుంచించుకుపోయి రెండోది ముడతలు పడుతుంది. రెంటి మంచివైపులూ ఎదురెదురుగా పెట్టి మెడ చుట్టూ కుడతాం. గుండ్రం వచ్చినచోట దారం తెగకుండా చిన్న చిన్న గాట్లు పెడతాం. తిరగేసి ఇస్త్రీ చేస్తే మెడ శుభ్రంగా కూర్చుంటుంది. కత్తిరింపు అంచులు, పోగులు, ముడులు అన్నీ రెండు గుడ్డల మధ్యకి వెళ్ళిపోతాయి. చూసేవాళ్ళకీ కనపడవు, వేసుకున్నవాళ్ళకీ గుచ్చుకోవు. లైనింగ్ లేని గౌనులో ఆ అంచులన్నీ ఒంటివైపే ఉంటాయి. చెమట పట్టిన మెడకి ఓవర్‌లాక్ దారం ఒరుసుకుంటే ఎట్లా ఉంటుందో మే నెలలో బస్సెక్కిన ఎవరినైనా అడగండి. అంటే పై భాగంలో అస్తరు చేసేది అచ్చంగా తల్లిచాటు పని. గరుకుని తన మీదికి తీసుకుంటుంది.

మరి ఏ గుడ్డ వెయ్యాలి? రెడీమేడ్ షాపులో హ్యాంగర్‌కి తగిలించిన పూల ఫ్రాకుని ఓసారి తిరగేసి చూడండి. పైన కాటన్ ఉంటుంది. చాలాసార్లు లోపల జారుడు పాలియెస్టర్ ఉంటుంది. చవక, నలగదు, ఫ్రాకు నిలువునా అందంగా జారుతుంది. పత్తి తన బరువులో ఏడెనిమిది శాతం దాకా తేమని పట్టుకోగలదు. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. పై గుడ్డని మనం కళ్ళతో కొంటాం. లోపలి గుడ్డ సంగతి ఒంటికి తెలుస్తుంది, అదీ డబ్బులు కట్టి ఇంటికొచ్చాక. ఆ లైనింగ్ చూసేవాళ్ళకి పనికొచ్చేవన్నీ చేస్తుంది. వేసుకునే పిల్లకి చెయ్యాల్సిన ఒక్క పనే చెయ్యదు.

ఇంట్లో కుట్టుకోవడంలో ఉన్న లాభం డబ్బు మిగలడం అనుకుంటారు. పెద్దగా ఏం మిగలదు. లోపలివైపు ఏముండాలో మనం నిర్ణయించుకోవచ్చు, అంతే. మ్యాచింగ్ సెంటర్‌లో తెల్ల మల్‌మల్ రెండు మీటర్లు తీసుకున్నాను. గుప్పిట్లో ఇమిడిపోయేంత మెత్తన.

"లోపల ఎవరు చూస్తారు, అంత మంచి గుడ్డ ఎందుకు?" అని అడిగింది పక్కింటావిడ. ఈ మాట మనం చాలా విషయాల్లో వింటాం. దానికి పెద్దలు చెప్పే జవాబు దేవుడు చూస్తాడని. అంత దూరం వెళ్ళక్కర్లేదు. లోపలివైపు చూసేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. ఉతికేవాళ్ళు చూస్తారు. రంగు వెలిసిపోకుండా బట్టలు తిరగేసి ఆరేస్తాం కదా, మా డాబా మీద మధ్యాహ్నమంతా ఎండకి ఎదురు నిలిచేది లోపలివైపే. చిరిగితే కుట్టేవాళ్ళు చూస్తారు. అన్నిటికీ మించి వేసుకున్న ఒళ్ళు రోజంతా చూస్తూనే ఉంటుంది. వీళ్ళెవరూ లెక్కలోకి రారు అనుకున్నప్పుడే "ఎవరు చూస్తారు" అనే ప్రశ్న నోటికి వస్తుంది.

కాబట్టి దాచడం మంచా చెడా అని తేల్చడానికి నాకు దొరికిన కొలత ఒకటే. దానివల్ల నీడ ఎవరికి, చెమట ఎవరికి? నీడ కప్పుకున్నవాళ్ళకి దక్కితే అది చాటు. నీడ చూసేవాళ్ళకీ చెమట కప్పుకున్నవాళ్ళకీ అయితే దానికి ఎంత ముద్దుపేరు పెట్టినా అది బరువే.

ఈ కొలత గుడ్డలకే కాదు, ఇళ్ళకీ పనికొస్తుంది. మా అమ్మమ్మవాళ్ళది గురజాల వైపు ఊరు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ తినేసింది. మందు మీద మందు కొట్టారు. మితిమీరి కొట్టిన మందులే దోమని పెంచాయని తర్వాత తేలింది. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. మా తాతయ్య బతికి బయటపడ్డాడు. కానీ పురుగుమందుల కొట్లో ఎంత బాకీ ఉందో అమ్మమ్మకి చెప్పలేదు. ఆడదానికెందుకు బెంగ అన్నది ఆయన వాదన. కొట్టాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రోజు ఆమెకి తెలిసింది. ఆమెని బెంగ నుంచి కాపాడుతున్నాననే ఆయన నమ్మాడు. అసలు కాపాడుకున్నది ఊళ్ళో తన పరువుని. ఆ ఏడాదంతా ఈ మనిషి ఎందుకు కసురుకుంటున్నాడో, చీటీ కట్టడం ఎందుకు ఆపేశాడో తెలియక ఉడికిపోయింది అమ్మమ్మ.

అదే ఏడు అమ్మమ్మ కూడా ఒకటి దాచింది. మా అమ్మ అప్పుడు పదో తరగతి. మెడలో గొలుసు అమ్మేసి, పరీక్షలు అయ్యేదాకా ఆ సంగతి కూతురి దగ్గర ఎత్తలేదు. పైట మెడ చుట్టూ కప్పుకుని తిరిగింది. ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని అప్పు ఎంతో, గొలుసు ఎంతకి పోయిందో మొత్తం చెప్పింది. రెండూ దాచడమే. కానీ అమ్మమ్మ దాచింది కచ్చా కుట్టు లాంటిది. అసలు కుట్టు పడేదాకా గుడ్డ జారకుండా వేసే పెద్ద పెద్ద కుట్లు అవి. వాటికి గుడ్డలో కలవని రంగు దారం వాడతాం, పనయ్యాక చటుక్కున కనపడి లాగెయ్యడానికి వీలుగా. విప్పే రోజు ముందే తెలిసిన దాపరికం అది. తాతయ్యది విప్పే ఉద్దేశం లేని కుట్టు. అది విప్పడానికి బయటి మనిషి రావాల్సి వచ్చింది.

ఇక్కడి దాకా బాగానే ఉంది. ఫ్రాకు కింది భాగం దగ్గర నా కొలత తడబడింది. అక్కడ గుచ్చుకునే అంచుల గొడవ పెద్దగా లేదు. కింద లైనింగ్ వేసేది కాళ్ళు కనపడకుండా ఉండటానికే. మామూలుగా దాన్ని పై గుడ్డ కంటే అంగుళం పొట్టిగా, తక్కువ కుచ్చులతో కత్తిరించి నడుం దగ్గర కలిపి కుట్టేస్తారు. కుట్టేసేముందు అమ్మతో మాట్లాడాను. ఎవరో చూస్తారని పిల్లని ఎందుకు ఉడకబెట్టాలి అన్నాను.

అమ్మ కోప్పడలేదు. "దాని ఒళ్ళు చూసి భయపడట్లా నేను. చూసేవాళ్ళని చూసి భయపడతన్నా. సాయంత్రం ట్యూషన్‌కి సైకిలేసుకుని పోయేది అదీ, నువ్వు కాదు. నువ్వు హైదరాబాద్ పోతావు."

దానికి నా దగ్గర జవాబు లేదు. చూసేవాళ్ళని మార్చాలి అనడం సరైన మాటే. కానీ వాళ్ళు మారేదాకా ట్యూషన్ ఆగదు. అమ్మ భయం కల్పించుకున్నది కాదు. అయితే ఆ భయం గురించి పిల్లకి చెప్పేటప్పుడు మేం వాడే మాటలు మాత్రం అబద్ధం. "లైనింగ్ వేస్తే ఫ్రాకు బాగా నిలబడుతుంది", "గుడ్డ ఎక్కువ రోజులు మన్నుతుంది" అంటాం. భయాన్ని కూడా అందంగా లైనింగ్ వేసి ఇస్తాం. పిల్ల దాన్ని తన ఇష్టమనుకుని పెరుగుతుంది.

పిల్లని విడిగా అడిగాను. "ఇంట్లో వద్దు. బయటికెళ్ళేప్పుడు కావాలి" అంది. ఎందుకు అంటే భుజాలెగరేసింది. అది దాని ఇష్టమా, మేం నేర్పిన భయమా? పదమూడేళ్ళ పిల్ల ఎగరేసిన భుజాల్లోంచి ఆ రెంటినీ విడదియ్యడం నావల్ల కాలేదు. ముప్పై దాటిన నాలోంచి కూడా తియ్యలేను. గుమ్మం దాటేముందు నా చెయ్యి కూడా చున్నీ వైపే పోతుంది. ఒప్పుకున్నారు కాబట్టి తప్పులేదు అని తేల్చెయ్యలేకపోవడానికి ఇదే కారణం. ఒప్పుకోవడం కూడా ఎక్కడో నేర్చుకున్నదే.

కానీ తువ్వాలుకీ లైనింగ్‌కీ ఒక తేడా ఉంది. తువ్వాలు లోపలికి రాగానే తీసి కుర్చీ మీద పడెయ్యొచ్చు. కుట్టేసిన లైనింగ్‌ని తియ్యలేం. ఏది తనదో ఏది ఇంకొకరు పెట్టిందో పిల్లకి ఎప్పటికైనా తెలియాలంటే, అది తీసి చూసుకునే వీలుండాలి. అందుకని పై భాగానికి మల్‌మల్ కలిపి కుట్టేశాను. కింది భాగానికి కలపలేదు. మిగిలిన మల్‌మల్‌తో నడుముకి ఎలాస్టిక్ వేసి విడిగా లోపలి పరికిణీ కుట్టాను. దానికి చెప్పింది కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. "ఇది లేకపోతే ఎండకి కాళ్ళు కనపడతాయి. అమ్మమ్మకి భయం. నాక్కూడా కొంచెం భయమే. నీకు కావాల్సిన రోజు వేసుకో."

"ఉతకడానికి ఇప్పుడు రెండు" అంది అమ్మ. ఆ మాటా నిజమే. ఎంచుకునే వీలుంటే చాకిరీ కొంత పెరుగుతుంది. ఆ చాకిరీ ఎవరిమీద పడుతుందో కూడా లెక్కలో వెయ్యాలి. పరికిణీ ఉతుక్కోవడం పిల్ల పనే అని తీర్మానం అయింది. ఆ తీర్మానం ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరు ఊహించుకోవచ్చు.

ఇలా విడిగా ఇవ్వడం వల్ల వీధిలో చూపులేం మారవని నాకు తెలుసు. ఆ చూపులకి జవాబు కుట్టు మిషను దగ్గర దొరకదు. ఒక గుడ్డముక్క ఏ భయం ఎవరిదో పేరు పెట్టి చెప్పగలిగితే, దాన్ని పిల్ల ఒంటికి శాశ్వతంగా కుట్టెయ్యకుండా ఉంటే, ప్రస్తుతానికి అది చెయ్యగలిగిన పని అనుకున్నాను.

చివర్లో కింది అంచు మడిచేటప్పుడు అమ్మ వచ్చి, "ఎదిగే పిల్ల, లోపల గుడ్డ వదులు" అంది. దాచడంలో పొదుపు అనే అర్థం ఇక్కడ పనికొచ్చింది. పక్క కుట్లలో అటో అంగుళం ఇటో అంగుళం వదిలాను. కింద మూడంగుళాలు మడిచాను. వాయిల్ పల్చన కదా, ఆ మడత దాగదు. ఫ్రాకు చుట్టూ కొంచెం చిక్కటి పట్టీలా బయటికి కనపడుతూనే ఉంటుంది, ఇంకా విప్పాల్సింది ఉందని. వచ్చే వేసవికి విప్పుతాం.